ఫుల్ సిస్టం ఎగ్జాస్ట్ వేశాక 3,000–4,500 ఆర్పీఎం మధ్య జర్కులు: రీమ్యాప్ చేయిస్తే పోతాయా?

ట్విన్‌కిక్:
బండి 650 సీసీ ప్యారలల్ ట్విన్, లిక్విడ్ కూల్డ్, కేబుల్ థ్రాటిల్. కంపెనీ ఎగ్జాస్ట్ మొత్తం తీసేసి ఫుల్ సిస్టం వేయించాను. బెండ్ పైపుల నుంచి సైలెన్సర్ దాకా అంతా కొత్తదే, క్యాట్‌కాన్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) లేదు. ఓటూ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ చూసేది) మాత్రం పాతదే, కొత్త పైపులో ఇచ్చిన చోటే బిగించారు. డీబీ కిల్లర్ (సైలెన్సర్ చివర చప్పుడు తగ్గించే గొట్టం) తీసేసి ఉంది. ఎయిర్ ఫిల్టర్ స్టాక్.

సమస్య ఏంటంటే, 3,000–4,500 మధ్య థ్రాటిల్ కొంచెమే పట్టుకుని వెళ్తుంటే జర్కులు కొడుతోంది. 5,000లో థ్రాటిల్ వదిలేస్తే సైలెన్సర్‌లో పట్‌పట్. 6,000 దాటితే లాగుతుంది కానీ ఏదో పట్టేసినట్టు ఉంటోంది. చెక్ ఇంజిన్ లైట్ వెలగడం లేదు.

ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఫ్లాష్ చేయించి అందులోని మ్యాప్, అంటే ఎప్పుడు ఎంత పెట్రోల్ ఇవ్వాలో చెప్పే టేబుల్, మార్పించాలా, బయట తగిలించే పిగ్గీబ్యాక్ పెట్టె పెట్టుకుంటే సరిపోతుందా? ఇదే బండికి, ఇదే ఎగ్జాస్ట్‌కి నెట్‌లో రెడీమేడ్ మ్యాప్ దొరికింది, అది ఎక్కించుకోవచ్చా? అప్పటిదాకా ఇలాగే నడిపితే ఇంజిన్‌కి ఏమన్నా అవుతుందా?

లాంబ్డా_వన్:
అన్నా, మ్యాప్ సంగతి తర్వాత. మీరు చెప్పిన మూడు లక్షణాల్లో రెండు మ్యాప్ వల్ల కాకపోవచ్చు.

ముందు లీక్ చూడండి. సెన్సర్‌కి ముందు, అంటే హెడ్ ఫ్లాంజ్ (పైపుని ఇంజిన్‌కి బిగించే చోటు) దగ్గరో బెండ్ పైపు జాయింట్ దగ్గరో సన్న సందు ఉన్నా, ఎగ్జాస్ట్ పల్స్‌ల మధ్య ఒత్తిడి తగ్గినప్పుడల్లా బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్ చూసి మిక్చర్ లీన్‌గా (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) ఉందని చెబుతుంది. ఈసీయూ నమ్మి పెట్రోల్ పెంచుతుంది. అసలు మిక్చర్ రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయిపోతుంది, సెన్సర్ మాత్రం ఇంకా లీన్ అనే అంటుంది. చిన్న థ్రాటిల్‌లో జర్కులకి ఇది చాలా మామూలు కారణం. ఈ స్థితిలో డైనో (బండిని నిలబెట్టి చక్రం తిప్పి పవర్ కొలిచే యంత్రం) ఎక్కిస్తే ఆ లీక్‌కే ట్యూన్ చేసినట్టు అవుతుంది.

పరీక్ష సులువే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఐడిల్‌లో సైలెన్సర్ చివర మందపాటి గుడ్డ అడ్డం పెట్టి జాయింట్ల దగ్గర వినండి. తుస్ తుస్ మంటే లీకే. పైపులు వేడెక్కకముందే సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వస్తాయి. జాయింట్ చుట్టూ నల్లటి మసి ఉంటే పరీక్ష కూడా అక్కర్లేదు. హెడ్ దగ్గర ఉండే క్రష్ గాస్కెట్ ఒకసారి నలిగాక మళ్లీ సరిగా కూర్చోదు, విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. రెండు నట్లూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి, ఒకటి పూర్తిగా లాగేసి రెండోది పట్టుకుంటే ఫ్లాంజ్ వంకరగా కూర్చుంటుంది. ఒకసారి వేడెక్కి చల్లారాక టార్క్ మళ్లీ చూడాలి. జాయింట్లకి మామూలు సిలికాన్ పూయొద్దు. అది కాలిపోవడమే కాదు, ఆ ఆవిరి ఓటూ సెన్సర్‌ని పాడుచేస్తుంది.

ఇక పట్‌పట్. మీ బండికి సెకండరీ ఎయిర్ వాల్వ్ ఉంటే, అది తాజా గాలిని ఎగ్జాస్ట్ పోర్ట్‌లోకి పంపుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు కాలకుండా వచ్చిన పెట్రోల్‌కి ఆ గాలి తోడై పైపులోనే పేలుతుంది. క్యాట్‌కాన్ లేనప్పుడు ఆ చప్పుడు బయటికి బాగా వినిపిస్తుంది. ఎయిర్‌బాక్స్ నుంచి వాల్వ్‌కి వెళ్లే గొట్టాన్ని తాత్కాలికంగా క్లాంప్‌తో నొక్కి నడిపి చూడండి. చప్పుడు ఆగిపోతే దోషం మ్యాప్‌ది కాదు. డీబీ కిల్లర్ కూడా తిరిగి పెట్టి చూడండి. పైపు పొట్టిగా ఉంటే తక్కువ ఆర్పీఎంలో బయటి గాలి వెనక్కి ఈడ్చుకుపోయి సెన్సర్‌ని మోసం చేస్తుంది.

డైనోబెంచ్:
పైన చెప్పినవన్నీ అయ్యాకే ఇది చదవండి.

స్టాక్ ఓటూ సెన్సర్ న్యారోబ్యాండ్. దానికి కచ్చితంగా తెలిసేది లాంబ్డా 1, అంటే పెట్రోల్ కాలడానికి సరిగ్గా సరిపడా గాలి ఉన్న స్థితి, ఒక్కటే. 0.45 వోల్ట్ పైన రిచ్, కింద లీన్, ఎంత అనేది దానికి పట్టదు. ఐడిల్, నిలకడ క్రూజింగ్ లాంటి చోట్ల ఈసీయూ ఈ సెన్సర్‌ని చూసి తనే దిద్దుకుంటుంది. థ్రాటిల్ బాగా తెరిస్తే సెన్సర్‌ని వదిలేసి టేబుల్‌లో ఉన్న అంకె ప్రకారమే పెట్రోల్ ఇస్తుంది. ఫుల్ సిస్టం వల్ల లీన్ అయ్యేది ఈ రెండో చోటే, మీ 6,000 పైన సమస్య అదే అయ్యుండాలి.

పిగ్గీబ్యాక్ ఇంజెక్టర్ సిగ్నల్‌ని మధ్యలో పట్టుకుని సాగదీస్తుంది లేదా కుదిస్తుంది. క్రూజింగ్‌లో అది 5 శాతం పెంచితే ఈసీయూ సెన్సర్ చూసి ఆ 5 శాతం తీసేస్తుంది, ఇద్దరు డ్రైవర్లు ఒకే హ్యాండిల్ పట్టుకున్నట్టు. అందుకే దాంతో పాటు ఓటూ సిగ్నల్‌కి వేరే మాడ్యూల్ పెడతారు. ఫ్లాష్ అయితే టేబుల్‌నే మారుస్తాం. మీ ఈసీయూకి నమ్మకమైన సాఫ్ట్‌వేర్ ఉంటే నా ఓటు ఫ్లాష్‌కే.

ముందు స్టాక్ ఫైల్ చదివి రెండు చోట్ల దాచుకోండి. చదవడం కుదరని ఈసీయూ అయితే అదే సాఫ్ట్‌వేర్ వెర్షన్ స్టాక్ ఫైల్ చేతిలో లేకుండా రాయొద్దు. రాసేటప్పుడు బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచాలి, వోల్టేజ్ 12.5కి తగ్గకూడదు, హెడ్‌లైట్ ఫ్యూజ్ తీసేస్తే మంచిది. మధ్యలో కీ ఆపినా కేబుల్ ఊడినా ఈసీయూ లేవకపోవచ్చు. అప్పుడు దాన్ని విప్పి బెంచ్ మీద రికవర్ చేయాలి, అదీ కుదిరితేనే.

రెడీమేడ్ మ్యాప్ మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. వైడ్‌బ్యాండ్ (ఎంత రిచ్చో ఎంత లీనో అంకెల్లో చెప్పే సెన్సర్) పెట్టి కొలవకుండా దాని మీద ఫుల్ థ్రాటిల్ ఇవ్వొద్దు. బాష్ ఎల్ఎస్‌యూ 4.9 లాంటి సెన్సర్ చాలు. పైపు పై సగంలో, అడ్డంగా పడుకోకుండా కనీసం 10 డిగ్రీలు పైకి ఉండేలా బిగించాలి, లేదంటే నీటి చుక్కలు చేరి హీటర్ వేడికి సెరామిక్ పగులుతుంది. కరెంట్ ఇవ్వకుండా పైపులో ఉంచి బండి నడిపితే మసి పట్టి పోతుంది. ట్విన్ కాబట్టి కలెక్టర్ (రెండు పైపులు కలిసే చోటు) తర్వాత కొలిస్తే రెండు సిలిండర్ల సగటే వస్తుంది. వీలైతే రెండు పైపుల్లోనూ కొలవండి.

రీడింగ్ లాంబ్డాలోనే చూడండి. ఇథనాల్ లేని పెట్రోల్‌కి లాంబ్డా 1 అంటే గాలి, పెట్రోల్ బరువుల నిష్పత్తి 14.7, 20 శాతం కలిసిన దానికి దాదాపు 13.5. మీటర్ మాత్రం ఏ పెట్రోల్ పోసినా 14.7 లెక్కనే చూపిస్తుంది. క్రూజింగ్‌లో 1 దగ్గర, ఫుల్ థ్రాటిల్‌లో 0.87–0.90 టార్గెట్. ఇగ్నిషన్ టైమింగ్ జోలికి పోవద్దు, డైనో లేకుండా అక్కడ పెంచితే వచ్చే నాకింగ్ (సిలిండర్‌లో మిక్చర్ అదుపు తప్పి పేలడం) హెల్మెట్ లోపలికి వినపడదు.

అప్పటిదాకా నెమ్మదిగా తిప్పుకోవచ్చు. ఫుల్ థ్రాటిల్‌లో ఎక్కువసేపు ఉంచొద్దు. పైపు నీలిరంగు తిరిగిందని లీన్ అనుకోకండి, సింగిల్ వాల్ పైపులు ఎలాగూ తిరుగుతాయి. ఇంకోటి, క్యాట్‌కాన్ లేని బండి చాలా దేశాల్లో రోడ్డు మీద చెల్లదు, ఫిట్‌నెస్ పరీక్షలో దొరుకుతుంది.

ట్విన్‌కిక్:
కుడి ఫ్లాంజ్ దగ్గర మసి ఉంది. రెండు గాస్కెట్లూ మార్చాక జర్కులు పోయాయి. వాల్వ్ గొట్టం నొక్కితే పట్‌పట్ కూడా ఆగింది. స్టాక్ మ్యాప్‌తోనే డైనో మీద వైడ్‌బ్యాండ్‌తో కొలిస్తే 60 శాతం థ్రాటిల్, 6,500 దగ్గర 0.95, 7,500 దగ్గర 0.93. టార్గెట్ 0.88 అనుకుంటే ఎంత పెంచాలి?

లాంబ్డా_వన్:
కొలిచినదాన్ని టార్గెట్‌తో భాగించండి. 0.95 ÷ 0.88 అంటే 1.08, 8 శాతం పెంచాలి. 7,500 దగ్గర 0.93 ÷ 0.88, దాదాపు 5.7 శాతం. మొదటిసారి అందులో మూడొంతుల్లో రెండొంతులే పెట్టి మళ్లీ కొలవండి. టేబుల్‌లో చుట్టుపక్కల గళ్లు కూడా సర్దాలి. ఒక గడిలో 8, పక్క గడిలో 0 ఉంటే థ్రాటిల్ తిప్పేటప్పుడు మెట్టు తగిలినట్టు ఉంటుంది.

డైనోబెంచ్:
ఆ శాతం ఫ్యూయల్ టేబుల్‌కే, మొత్తం పల్స్ విడ్త్‌కి (ఇంజెక్టర్‌కి సిగ్నల్ అందే సమయానికి) కాదు. పల్స్‌లో ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే డెడ్ టైమ్ కూడా కలిసి ఉంటుంది, అది అలాగే ఉండాలి.

పైన ఇంజెక్టర్‌కి చోటు ఉందో లేదో కూడా చూసుకోండి. 9,000 ఆర్పీఎంలో రెండు చుట్లకి పట్టేది 13.3 మిల్లీసెకన్లు. పల్స్ 11.3 దాటిందంటే 85 శాతం డ్యూటీ (ఆ టైంలో ఇంజెక్టర్‌కి సిగ్నల్ ఉండే వంతు) అయిపోయింది, అక్కడి నుంచి టేబుల్‌లో ఎంత పెంచినా నమ్మకంగా రాదు. ఇంకా, ఎగ్జాస్ట్ గ్యాస్, సెన్సర్ దాకా రావడానికి టైం పడుతుంది, కాబట్టి ప్రతి గడిలో డైనో బ్రేక్‌తో ఆర్పీఎం మూడు సెకన్లు నిలిపి చివరి సెకను రీడింగే తీసుకోండి. ఆర్పీఎం నిలపకుండా పెంచుకుంటూ పోయిన స్వీప్ లాగ్‌లోంచి తీసిన అంకె అయితే అది ముందు గడిది కావచ్చు.