పార్కిన్సన్స్ ఉన్న బాపును యోగా శిబిరానికి పంపొచ్చా?

మునుగోడు చిన్నోడు: మా బాపుకు పార్కిన్సన్స్. కుడిచెయ్యి వణుకుతది, అడుగు చిన్నగా పడుతది. ఊళ్లో పొద్దున అయిదున్నరకు యోగా శిబిరం పెట్టారు. నేర్పే ఆయన ‘కొన్నాళ్లు రండి, గోలీలు మానేయొచ్చు’ అంటున్నాడు. అన్న పంపుదామంటాడు, నాకేమో టెన్షన్.

పాలమూరు అక్క: యోగా మంచిదే తమ్మీ, ఆ గోలీల మాట మాత్రం నమ్మకు. మెదడులో డోపమైన్ అని, కదలికలను నడిపే రసాయనం ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతేనే ఈ జబ్బు వస్తుంది. ఆ లోటు పూడ్చేది గోలీల్లో ఉండే లెవోడోపా అనే మందు, ఆసనం కాదు. గోలీలు ఒక్కసారిగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. మా అత్తమ్మ కుర్చీలో కూర్చునే చేస్తుంది. దిగులు తగ్గింది, నిద్ర పడుతోంది. వణుకు మాత్రం అట్లనే ఉంది.

దేవరకొండ మాస్టారు: కంపవాతం అని ఆయుర్వేదం ఎప్పుడో చెప్పింది. దూలగొండి గింజల్లో ఉన్నదీ ఆ లెవోడోపానే కదా!

పాలమూరు అక్క: ఉంది కాబట్టే భయం మాస్టారూ. ఏ గింజలో ఎంత ఉందో ఎవరు కొలుస్తారు? గోలీకి అదీ తోడైతే బీపీ పడిపోతుంది, ఒళ్లు మెలికలు తిరుగుతుంది.

నల్లగొండ ఫిజియో: యోగా దండగ అనేవాళ్లకూ ఒక మాట. 2019లో హాంకాంగ్‌లో 138 మందిపై 8 వారాల అధ్యయనం ప్రచురించారు. కదలికల విషయంలో యోగా, మామూలు వ్యాయామం సమానంగా నిలిచాయి. ఆందోళన, దిగులు తగ్గించడంలో యోగాదే పైచేయి.

నా అభ్యంతరం అయిదున్నర మీదే. రాత్రి వేసిన గోలీ బలం అప్పటికి దిగిపోయి ఉంటుంది, పొద్దుటిది ఇంకా పట్టదు. బాపు ఒళ్లు కట్టెలా ఉండే వేళ అదే. గోలీ వేసుకుని, అది పట్టాక చేయించండి. చేతులున్న కుర్చీని గోడకు ఆనించి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టండి. ఊపిరి తీస్తూ చేతులెత్తడం, నడుము నెమ్మదిగా పక్కకు తిప్పడం చాలు. తల కిందికి వేలాడేసే ఆసనాలు వద్దు. లేచేటప్పుడు కాసేపు అంచున కూర్చుని లేవాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి.

మునుగోడు అంటున్నారు కాబట్టి ఇంకోటి. ఫ్లోరైడ్ ఎక్కువున్న మన పాత బోరునీళ్లు తాగిన పెద్దల్లో ఫ్లోరోసిస్ అనే ఎముకల జబ్బు ఉండొచ్చు. మెడ, నడుము బిగుసుకోవడానికి అదీ కారణం కావచ్చు. ఆ ఎముకలు గట్టిగా కనిపిస్తాయి కానీ పెళుసు, వెనక నిలబడి వంచొద్దు. డాక్టరుకు ముందే చెప్పండి.

దేవరకొండ మాస్టారు: వంచడం సంగతి ఒప్పుకున్నా. కానీ ఇంట్లో ఒంటరిగా చేతులెత్తితే ఏం లాభం? నలుగురిలో కలవడమే సగం మందు.

మునుగోడు చిన్నోడు: అదే ఇబ్బంది మాస్టారూ. నలుగురిలో కూర్చుంటే బాపు కుడిచెయ్యిని కండువా కింద దాచుకుంటాడు, ఇంట్లో దాచుకోడు. శిబిరం ఆయన్ని సాయంత్రం బ్యాచ్ అడిగితే కుదరదన్నాడు. ఫిజియో గారూ, గోలీ టైం ముందుకు జరపొచ్చా?

నల్లగొండ ఫిజియో: అది నేను చెప్పేది కాదు, గోలీ రాసిచ్చిన న్యూరాలజిస్టునే అడగండి.