అప్‌డేట్: పాత గ్రేడ్లను దాచకుండానే మా అమ్మాయి దరఖాస్తు పంపింది

అమెరికాలో మెడిసిన్‌కు దరఖాస్తు చేస్తున్న మా అమ్మాయి, కమ్యూనిటీ కాలేజీలో వచ్చిన సి, డి గ్రేడ్లను చూపకుండా వదిలేయవచ్చా అని గతంలో అడిగాను. వదలకూడదని గట్టిగా చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు.

ఆమ్‌కాస్ (అమెరికాలో ఎండీ డిగ్రీ ఇచ్చే చాలా మెడికల్ కాలేజీలకు ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ) నిబంధనల ప్రకారం హైస్కూలు తర్వాత చేరిన ప్రతి కాలేజీనీ, మధ్యలో మానేసిన కోర్సులతో సహా, పేర్కొనాలి. ఒక సబ్జెక్టును మళ్లీ చదివి ఏ గ్రేడు తెచ్చుకున్నా, పాత డి కూడా జీపీఏ లెక్కలో ఉండిపోతుంది. డీవో అనే మరో వైద్య డిగ్రీ ఇచ్చే ఆస్టియోపతిక్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ అకోమాస్‌లో ఒకప్పుడు కొత్త గ్రేడునే లెక్కించేవారు కానీ, 2017లో ఆ వెసులుబాటునూ తీసేశారు. నమోదు చేసిన గ్రేడ్లను కాలేజీలు పంపే అధికారిక గ్రేడ్ల పత్రాలతో (ట్రాన్‌స్క్రిప్టులు) సరిపోల్చి చూస్తారు కనుక, దాచిన విషయం బయటపడితే తక్కువ గ్రేడు కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది.

దరఖాస్తుతో పంపే వ్యాసం తొలి ప్రతిలో గ్రేడ్లు తగ్గడానికి కారణాలే నిండిపోయాయి. వాటిని కొట్టేసి, "ఆర్గానిక్ కెమిస్ట్రీలో డి వచ్చింది, రాత్రి షిఫ్టులు మానేసి, అదే కోర్సు మళ్లీ చదివి ఏ మైనస్ తెచ్చుకున్నాను" అని సూటిగా రాసింది. ఇంటర్వ్యూలో ఒక డాక్టరు గారు చదివే పద్ధతిలో ఏం మార్చుకున్నావని అడిగితే, నోట్సు తిరగేయడం తగ్గించి రోజూ లెక్కలు చేతితో చేశానని చెప్పింది. ఆ కాలేజీలోనే సీటు వచ్చింది. మరొకచోట వెయిట్‌లిస్టులో ఉంది.

దరఖాస్తు చేయబోయేవారు పాత కాలేజీలో ఫీజు బకాయిలుంటే ముందే తీర్చేయండి, లేకపోతే ట్రాన్‌స్క్రిప్టు ఆగిపోయే ప్రమాదం ఉంది.