వానల్లో కుక్క బిస్కెట్లు బూజు పడుతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జున్ను వాళ్లమ్మ, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా జున్ను లాబ్రడార్, ఆడది, నాలుగేళ్లు. మొన్న టీకాకి తీసుకెళ్తే తూకం 34 కేజీలు వచ్చింది. 28 దగ్గర ఉండాల్సింది. డాక్టర్ గారు దాని నడుము మీద చెయ్యేసి "పక్కటెముకలు ఎక్కడమ్మా?" అని అడిగారు. నిజంగా దొరకలేదు.

ఇంటికొచ్చి లెక్క చూస్తే దోషి మా మామయ్యగారి పొద్దుటి టీ. ఆయన గ్లూకోజ్ బిస్కెట్లు రెండు తింటే జున్ను ఆరు తింటుంది. మానిపించబోతే "మూగజీవి నోరు కట్టేయమంటావా?" అంటారు. సరే, ఆయన చెయ్యి ఆపలేను కాబట్టి ఆ చేతిలో ఉన్న బిస్కెట్టే మార్చేద్దామని ఇంట్లో చేయడం మొదలుపెట్టాను. షాపులో దొరికేవాటి ధరలు చూస్తే నాకు నీరసం వచ్చింది, అది వేరే సంగతి.

ఓవెన్ లేదు. పాత ఐదు లీటర్ల కుక్కర్‌లో గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున కల్లుప్పు పోసి, స్టాండ్ మీద పళ్లెం పెట్టి చేస్తున్నాను. రెండు కప్పుల రాగిపిండి, కప్పు ఉడికించిన గుమ్మడికాయ, ఒక గుడ్డు, అర స్పూను బేకింగ్ పౌడర్, మా ఆయన జిమ్ కోసం తెచ్చుకున్న పీనట్ బటర్ రెండు స్పూన్లు. అరగంట కాల్చాను.

మొదటిసారి పైన రాయి, లోపల సంకటి. రెండోసారి బాగానే వచ్చాయనిపించి వేడివేడిగా స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టాను. మూడో రోజు తీస్తే తెల్లగా నూగు. డబ్బా మొత్తం పారేశాను. జున్ను డస్ట్‌బిన్ దగ్గర కూర్చుని నా మొహం చూస్తోంది.

బూజు పట్టకుండా, కరకరలాడేలా చేయడం ఎలా? ఇంకోటి, వచ్చే నెల దాని పుట్టినరోజు. మా అత్తయ్య కొంచెం బెల్లం, నెయ్యి, కిస్‌మిస్ వేసి కేకులా చేద్దామంటున్నారు. ఫర్వాలేదా?


కాకినాడ కుర్రోడు

అక్కా, బూజు సంగతి తర్వాత. ముందు ఆ పీనట్ బటర్ డబ్బా వెనక్కి తిప్పి లేబుల్ చదవండి. జిమ్ వాళ్లు కొనేవాటిలో షుగర్‌ఫ్రీ రకాలు ఉంటాయి. వాటిలో పంచదార బదులు వేసే జైలిటాల్ అని గానీ, దానికే ఇంకో పేరైన బర్చ్ షుగర్ అని గానీ, దాని నంబర్ 967 అని గానీ కనిపిస్తే ఇంక దాన్ని జున్ను వైపు తేవద్దు. మనకి ఏమీ కాదు. కుక్కకి మాత్రం ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి చక్కెర పడిపోతుంది, అరగంటలోనే తూలిపోవచ్చు. కాలేయం కూడా దెబ్బతింటుంది. చాలా షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లలోనూ ఇదే ఉంటుంది.

మా ఇంట్లో అయితే వేరుశనగ గుళ్లు వేయించి, పొట్టు తీసి, ఉప్పు లేకుండా మిక్సీలో వేస్తాం. పావుగంట పని. డబ్బా ఎందుకు అసలు?


రస్కు మాస్టర్, రాజమండ్రి

అమ్మా, నేను 27 ఏళ్లు బేకరీ బట్టీ ముందు నిలబడ్డాను. నాలుగేళ్ల క్రితం మానేశాను. ఇప్పుడు మా వీధిలో ఐదు కుక్కలకి బిస్కెట్లు చేస్తుంటాను, వాటిలో మూడు నాతోపాటే ముసలివైపోయాయి. మీరు రాసింది చదవగానే తప్పు ఎక్కడో తెలిసిపోయింది. మీరు బిస్కెట్లు కాల్చారు గానీ ఎండబెట్టలేదు.

రస్కు ఎలా చేస్తారో చూశారా? ముందు బ్రెడ్డు కాలుస్తాం. చల్లారనిస్తాం. ముక్కలు కోసి మళ్లీ సన్న సెగలో పెడతాం. రెండోసారి పెట్టేది ఉడకడానికి కాదు, లోపలి తడి బయటికి పోవడానికి. రస్కు నెలల తరబడి నిలవ ఉండేది ఆ రెండో సెగ పుణ్యమే. మీ బిస్కెట్టుకి ఆ రెండో సెగ తగల్లేదు. పైగా వేడిగా డబ్బాలో పెట్టి మూతేశారు. లోపలున్న ఆవిరి మూతకి పట్టి, చుక్కలై, మళ్లీ బిస్కెట్ మీదే పడింది. ఇక వాన గాలి ఎటూ ఉంది.

నేనూ చేశాను ఈ తప్పు. ఓ శ్రావణమాసంలో ఆర్డర్ల తొందరలో రెండో సెగ పది నిమిషాలు తగ్గించాం. వారం తిరక్కుండా 40 కేజీల రస్కు మెత్తబడి కొట్ల నుంచి వెనక్కి వచ్చింది. యజమాని తిట్టలేదు. బస్తాలన్నీ నా బల్ల పక్కనే దింపించి, రెండ్రోజులు తీయనివ్వలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కొలతలు. కప్పులు వదిలేసి కాటా పెట్టండి. రాగిపిండి 200 గ్రాములు, గోధుమపిండి 100, ఉడికించి నీళ్లు వంపేసిన గుమ్మడి గుజ్జు 100, గుడ్డు ఒకటి, వేయించిన వేరుశనగ పొడి 30. నీళ్లు చిలకరించి కలిపితే ముద్ద అంతా కలిపి 500 గ్రాముల దగ్గర ఉంటుంది. పూరీ పిండి కంటే గట్టిగా ఉండాలి. రాగిలో గోధుమలో ఉన్న జిగురు ఉండదు, అందుకే ఒట్టి రాగితో చేస్తే విరిగిపోతుందని భయపడి మనం గుమ్మడి ఎక్కువ పోస్తాం, అక్కడే తడి పెరిగిపోతుంది. మీ కప్పు గుమ్మడి చాలా ఎక్కువ.

చపాతీకి రెండింతల మందంలో ఒత్తండి. అర సెంటీమీటరు దాటొద్దు. సీసా మూతతో గుండ్రంగా కోసి, ప్రతిదానికీ ఫోర్కుతో మూడు నాలుగు చోట్ల ఆరపార గుచ్చండి. బిస్కెట్‌కి చిల్లులు అందం కోసం కాదమ్మా, ఆవిరి పోయే దారులు అవి.

కుక్కర్‌లో పది నిమిషాలు ఖాళీగా వేడి చేశాక పాతిక నిమిషాలు మధ్య మంట మీద పెట్టండి. బయటికి తీసి పూర్తిగా చల్లారనివ్వండి. రెండో సెగ కుక్కర్‌లో వద్దు, అందులో ఆవిరికి దారి చాలదు. మందపాటి పెనం మీద సన్న మంటన బిస్కెట్లు పరిచి, మీద జల్లెడ బోర్లించండి. మూత కాదు, జల్లెడే. పది నిమిషాలకోసారి తిప్పుతూ నలభై నిమిషాలు. ఓవెన్ ఉన్నవాళ్లు మొదట 160 డిగ్రీలు, రెండోసారి 110లో గంట, తలుపు సందున చెక్క గరిటె పెట్టి.

అయిందో లేదో చూపుతో చెప్పలేం, రాగి ఎటూ నల్లగానే ఉంటుంది. తూకం వేయండి. 500 గ్రాముల ముద్ద 330, 340 గ్రాములకి దిగాలి. 380 ఉంటే ఇంకా నీళ్లున్నట్టే, మళ్లీ పెనం ఎక్కించండి. ఒకటి తీసి విరిస్తే అప్పడంలా టక్కుమనాలి. వంగితే కాలేదు.

బేకింగ్ పౌడర్ అక్కర్లేదు. పలచగా, గట్టిగా ఉండాల్సిన బిస్కెట్ ఇది, పొంగాల్సిన పని లేదు. బెల్లం అసలొద్దు. తడి లాగుతుంది, లావు చేస్తుంది. తీపి లేకపోతే బాధపడేది మీ అత్తయ్యగారే, జున్ను కాదు. వాసన కావాలంటే ఉప్పు వేయకుండా ఉడికించిన కోడి కార్జం ఒక్క ముక్క నలిపి పిండిలో కలపండి. దేవుడొచ్చినట్టు తోక ఊపుతుంది. కాకపోతే కార్జం వేసింది నిలవ పెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో అయిపోగొట్టండి. కార్జం రోజూ కూడా పెట్టకూడదంటారు, విటమిన్ ఏ ఎక్కువైపోతుందట.


వెటర్నరీ పిల్ల, తిరుపతి

నేను ఇక్కడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. కిస్‌మిస్ అని చదివి ఆగలేక రాస్తున్నా. వద్దండీ. ఒక్కటి కూడా వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడు చేస్తాయి. కొన్నిటికి గుప్పెడు తిన్నా ఏమీ కాదు, కొన్నిటికి నాలుగైదు చాలు. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పే లెక్క లేదు, అందుకే భయం. చాలాకాలం కారణం తెలియలేదు. 2021లో అమెరికా పశువైద్యులు ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం ఉందని రాశారు. ఆ దారి వాళ్లకి దొరికిందే క్రీమ్ ఆఫ్ టార్టర్ (ఆ ఆమ్లం నుంచే వచ్చే, బేకింగ్‌లో వాడే పుల్లటి పొడి), చింతపండు తిన్న కుక్కల్లో అవే లక్షణాలు కనిపించడం వల్ల.

చింతపండు! మన ఇళ్లలో మిగిలిన పులిహోర, చారన్నం ఎక్కడికి వెళ్తాయో మీకు తెలుసు. కొన్ని బేకింగ్ పౌడర్లలో క్రీమ్ ఆఫ్ టార్టర్ కూడా ఉంటుంది, మాస్టర్ గారు వేరే కారణంతో వద్దన్నా ఇందుకూ వద్దు.

ఇది పుస్తకంలో చదివింది మాత్రమే కాదు. మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం రోజు పరమాన్నం గిన్నె కింద పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి మా బ్రౌనీ నాకి శుభ్రం చేసేసింది. నేను అప్పటికి రెండో సంవత్సరం. అమ్మ ఉప్పునీళ్లు తాగిద్దామంది, అది ఇంకో ప్రమాదం, ఉప్పు ఎక్కువై మెదడుకి ఎక్కుతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాం. గంటన్నరలోపు కాబట్టి ఇంజెక్షన్‌తో వాంతి చేయించారు. పదకొండు కిస్‌మిస్‌లు బయటపడ్డాయి, నేనే లెక్కపెట్టాను. రెండు రోజులు సెలైన్, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే క్రియాటినిన్ పరీక్షలు మూడు రోజులు. బతికింది. ఇప్పటికీ మా అమ్మ పరమాన్నంలో జీడిపప్పు మాత్రమే వేస్తుంది.

నెయ్యి కూడా లావుగా ఉన్న కుక్కకి మంచిది కాదు, క్లోమం వాచే ప్రమాదం ఉంది. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, జాజికాయ పొడి ఎలాగూ వద్దు.

ఇక లావు సంగతి. జున్ను 28 కేజీలకి రావాలంటే రోజుకి సుమారు 850 నుంచి 900 కేలరీలు లెక్క వేస్తారు. సరిగ్గా ఎంతో మీ డాక్టర్ గారే చెప్పాలి. చిరుతిండి అందులో పదో వంతు దాటకూడదు. ఆరు గ్లూకోజ్ బిస్కెట్లంటే దగ్గర దగ్గర 150 కేలరీలు, ఆరో వంతు టీతోనే అయిపోతోంది! మాస్టర్ గారి కొలతతో ఐదు గ్రాముల బిస్కెట్ చేస్తే ఒకటి 19 కేలరీల దాకా వస్తుంది. రోజుకి నాలుగు. ఆ నాలుగిటికీ సరిపడా అన్నం తగ్గించాలి.

జున్నుని మరీ తప్పుపట్టకండి. లాబ్రడార్లలో దాదాపు పావు వంతు కుక్కలకి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క ఉండదని కేంబ్రిడ్జ్ వాళ్లు 2016లో చూపించారు. అలాంటివాటికి ఆకలి ఎక్కువ. డస్ట్‌బిన్ దగ్గర కూర్చున్నది మీ జున్నో, ఆ జన్యువో చెప్పలేం.


బెంగళూరు బావ

ఎయిర్‌ఫ్రయర్ ఉన్నవాళ్లకి ఒక మాట. 120 డిగ్రీల్లో రెండో సెగ బ్రహ్మాండంగా కుదురుతుంది, గాలి తిరుగుతుంది కాబట్టి. ఒకే వరుస పరచండి, కుప్ప పోయొద్దు. మాస్టర్ గారూ, మీరు వీడియో పెట్టకూడదా?


రస్కు మాస్టర్, రాజమండ్రి

వీడియోలు మా మనవడు తీస్తానంటాడు, నా చేతులే కనిపించాలని నా షరతు. వాడికి నచ్చలేదు.

తిరుపతి అమ్మాయీ, చింతపండు సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. మా ఇంటి దగ్గర కర్రిదానికి ఆదివారం పులిహోర పెడుతుంటాను. ఇక ఆపేస్తాను.


జున్ను వాళ్లమ్మ, హనుమకొండ

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. పది రోజులయింది, ఇప్పుడు రాస్తున్నాను.

డబ్బా లేబుల్ చూశాం. మాది మామూలుదే, జైలిటాల్ లేదు గానీ ఉప్పు, పంచదార రెండూ ఉన్నాయి. అది మా ఆయనకే వదిలేశాను. కిస్‌మిస్ విషయం అత్తయ్యకి చదివి వినిపించాను. పదకొండు అని విన్నాక ఆవిడ లేచి వెళ్లి కిస్‌మిస్ డబ్బా పై అరలో పెట్టారు. పుట్టినరోజుకి గుమ్మడి గుజ్జు, గుడ్డు, కార్జం.

మాస్టర్ గారూ, మొదటి తూకం 372 వచ్చింది. చూడ్డానికి అయిపోయినట్టే ఉన్నాయి. మీరు చెప్పకపోతే డబ్బాలో వేసేసేదాన్నే. మళ్లీ అరగంట పెనం మీద పెడితే 336. జల్లెడ చిల్లుల్లోంచి ఆవిరి సన్నగా రావడం చూస్తూ కూర్చున్నాను, వంటగది అంతా రాగి వాసన.

రోజుకి నాలుగు లెక్కపెట్టి మామయ్యగారి చేతికే ఇస్తున్నాను. మొదటి రోజు నాలుగూ ఒకేసారి పెట్టేశారు. ఇప్పుడు ఒక్కోదాన్ని రెండు ముక్కలు చేసి ఎనిమిదిసార్లు పెడుతున్నారు. ఆయనకి కావాల్సింది పెట్టడమే, ఎంత అన్నది కాదని నాకు లేటుగా అర్థమైంది.

నిన్న వంటింట్లో బియ్యం డ్రమ్ము జరిపి ఊడుస్తుంటే వెనక ఒక బిస్కెట్ దొరికింది. జున్ను దాచుకుంది. లాబ్రడార్ తిండి దాచుకోవడం నేను చూడలేదు, కడుపు నిండిందో ఏమో. మొదటి విడతది, తొమ్మిది రోజులది. ఈ తొమ్మిది రోజులూ మాకు వానే. నూగు లేదు, మెత్తబడలేదు. విరిచి చూశాను, టక్కుమంది. ఆ చప్పుడుకి జున్ను పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

పెట్టలేదు లెండి. ఆ రోజు నాలుగూ అయిపోయాయి.