సమస్య: కుక్కఁ జూచి పిల్లి కులుకులాడె

నిర్వాహకుడు: మా ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లి ఉంది. పోయిన ఆదివారం మా అమ్మాయి వీధిలో దొరికిన కుక్కపిల్లని చంకనేసుకొచ్చింది. అప్పట్నుంచి పిల్లి ఫ్రిజ్ దిగనంటోంది. కింద అది ఆడదామని గెంతుతుంటే, పైన ఇది తోకని సీసాలు కడిగే బ్రష్షంత చేసుకుని బుసకొడుతోంది. ఆ ఉక్రోషంలో పుట్టిన పాదం ఇది. దీని ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూర్తి చేయండి. పూరణలతో పాటు ఉపాయాలూ చెప్పండి, పుణ్యముంటుంది.

గిలకబావి: మా చెల్లెలు వాళ్లింట్లో చేసిందే పద్యంలో పెట్టాను.

గదికి గదికి నడుమ గడియ వేసిన తల్పు
క్రింది సందు నొద్ద గిన్నె లుంచి
వారమైన పిదప వాసన మరిగిన
కుక్కఁ జూచి పిల్లి కులుకులాడె

తలుపుకి ఇవతల దీని గిన్నె, అవతల దాని గిన్నె. మొదట బాగా ఎడంగా పెట్టి, రోజుకి జానెడు చొప్పున దగ్గరికి జరిపారు. ఏ రోజు పిల్లి తినడం మానితే ఆ రోజు జానెడు వెనక్కి.

అరసున్న: భావం బాగుంది. కానీ గిన్నెలు ఉంచింది ఎవరండీ? ‘ఉంచి’కీ ‘ఆడె’కీ కర్త ఒకరే కావాలి. తమరి అన్వయంలో పిల్లే గడియ వేసి, పిల్లే రెండు గిన్నెల్లో వడ్డించి, ఆ తర్వాత కులికింది. అంత పనిమంతురాలైతే మా ఇంటికి పంపండి.

గిలకబావి: ‘గిన్నె లుంచ’ అని చదువుకోండి. ఒక్క గుడి తీసేస్తే సరిపోయేదానికి ఇంత వడ్డన దేనికి? పోయిన నెల తమరు ‘చెరువు గట్టు మీద పాలు పోసె’ అని వదిలినప్పుడు మేం ఇలాగే నిలదీశామా?

అరసున్న: అది ప్రాసయతి, అంటే యతికి బదులు రెండో అక్షరాలు కలపడం. ఆ రోజే చెప్పాను.

గిలకబావి: ర–లలకు మైత్రి ఉందని నెగ్గించుకున్నారు, సరే. ‘చె’ లఘువు, ‘పా’ గురువు. ఈ రెంటికీ మైత్రి ఎక్కడిది? మా చెల్లెలి పిల్లి, కుక్క కలిసినంత తేలిక కాదు వాటిని కలపడం.

నిర్వాహకుడు: అయ్యా, ఆ చెరువు గట్టుని అక్కడే వదిలేయండి. ఇక్కడ నా పిల్లి పొద్దుట్నుంచీ పచ్చి గంగ ముట్టలేదు.

తాటిముంజె: నీళ్లూ తిండీ ఫ్రిజ్ మీదకే అందించండి. రెండు రోజులు ఏమీ తినకపోతే పిల్లి కాలేయానికే ముప్పు. అంతవరకూ వస్తే పద్యాలు ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

చింతచిగురు: నేనైతే దింపే ప్రయత్నమే చేయను. ఎత్తులో చోటుంటే దానికి ధైర్యం.

అందకుండ దూకి యటకపై గూర్చుండి
తోక యూపుకొనుచు దొరల రీతి
త్రాటఁ గట్టఁబడియుఁ దల యెత్తి మొరిగెడు
కుక్కఁ జూచి పిల్లి కులుకులాడె

కుక్కపిల్లకి తాడు ఉండాల్సిందే. అది ఒక్కసారి వెంటపడిందా, పది రోజుల శ్రమ బూడిదలో పోసినట్టే.

తాటిముంజె: తమ్ముడూ, ‘దొరల రీతి’ దగ్గర గట్టిగా నవ్వాను. కానీ తోక ఊపి సంబరపడేది కుక్క. పిల్లి తోక అటూ ఇటూ కొట్టిందంటే ఒళ్లు మండుతోందని అర్థం. ఆ సమయంలో ఎత్తుకోబోతే చేతుల మీద గీతలు మిగులుతాయి. ప్రసన్నంగా ఉంటే తోక నిట్టనిలువుగా లేపి వస్తుంది. ‘తోక నిక్కఁబెట్టి దొరల రీతి’ అను, గణాలూ చెడవు.

చింతచిగురు: అక్కా, కుక్క తోక తెచ్చి పిల్లికి అతికించాను! సవరించాను.

అరసున్న: ఇంతమంది మెచ్చుకున్నారు గానీ, తాడుతో కట్టేసిన కుక్క మొరుగుతుంటే కింద కాపురం ఉన్నవాళ్లు ఊరుకుంటారా?

తాటిముంజె: నాది కూడా వేస్తున్నాను. మా ఇంట్లో పని చేసింది ఇదే.

ఒంటి తుడుచు గుడ్డ యొక్కటే రెంటికి
వాడి వాడి చివర వాస నొకటి
కాఁగఁ, దనదె యనుచుఁ గనులు సగము మోడ్చి
కుక్కఁ జూచి పిల్లి కులుకులాడె

పిల్లి బుగ్గలు తుడిచిన గుడ్డతో కుక్కపిల్ల వీపు తుడవాలి. మళ్లీ ఆ గుడ్డే తెచ్చి పిల్లి తిరిగే చోట ఓ మూల పడేయాలి, మంచం మీద కాదు. బుసకొడితే కసరకండి, వదిలేయండి. నా పిల్లి ఐదు రోజులు ఆ గుడ్డ చుట్టూ తిరిగి పోయేది. ఆరో రోజు దాని మీదే పడుకుంది.

గిలకబావి: ‘కనులు సగము మోడ్చి’! పిల్లి మనల్ని నమ్మినప్పుడు చూసే చూపు అదే. ఈ వారం పద్యం ఇదే.

అరసున్న: ‘వాసనొకటి’ దగ్గర అత్వసంధి బహుళం, అంటే ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు కాబట్టి వదిలేస్తున్నాను. పద్యం బాగుంది.

చింతచిగురు: అరసున్నగారు ‘బాగుంది’ అన్నారు. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీశారా?

గిలకబావి: నేను తీశాను. చెరువు గట్టు పక్కనే దాచుకుంటాను.

నిర్వాహకుడు: రాత్రి రెండింటికి చప్పుడైతే లేచి చూశాను. కుక్కపిల్ల పడుకున్న గది తలుపుకి మూరెడు దూరంలో పిల్లి కూర్చుని, ఆ కింది సందు వాసన చూస్తోంది. నన్ను చూడగానే మళ్లీ ఫ్రిజ్ ఎక్కేసింది. తోక మాత్రం ఈసారి సన్నగానే ఉంది. గడువు ఇంకో వారం పెంచుతున్నాను.