టస్కనీ ఊళ్ళలో అమ్మతో 8 రోజులు: కారా, రైలా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నివాసి):
వచ్చే ఏప్రిల్‌ చివరి వారంలో అమ్మను తీసుకుని విశాఖపట్నం నుంచి ఇటలీ వెళ్తున్నాను. టస్కనీకి 8 రోజులు కేటాయించి, ఫ్లోరెన్స్, సియెనా, సాన్‌ జిమిన్యానో, లుక్కా, పీసా, వోల్తెర్రా అని ఆరు పేర్లు రాసుకున్నాను. అమ్మకు 66 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల సింహాచలం మెట్లు ఎక్కడం మానేసి మూడేళ్ళయింది గానీ, బీచ్‌ రోడ్డు మీద గంటసేపు సునాయాసంగా నడుస్తుంది. ఆమె శాకాహారి. కారు అద్దెకు తీసుకోవడం మంచిదా, రైళ్ళు సరిపోతాయా?

జవాబు (సీతమ్మధార నుంచి):
కారు ఆలోచన మానుకోండి. అక్కడి పాత ఊళ్ళ నడిబొడ్డున అనుమతి లేని వాహనాలు వెళ్ళకూడని ప్రాంతాలు ఉంటాయి. వాటిని జెడ్‌టీఎల్‌ అంటారు. చాలాచోట్ల గేటు గానీ పోలీసు గానీ కనిపించరు, కెమెరా మాత్రం నంబరు ప్లేటును పట్టేస్తుంది. ఫ్లోరెన్స్‌లో హోటలు వెతుక్కుంటూ ఒకే వీధిలోకి రెండుసార్లు తిరిగిన పాపానికి, మేము ఇంటికి చేరిన నాలుగు నెలల తరువాత రెండు జరిమానా నోటీసులు వచ్చాయి. మా వివరాలు పోలీసులకు అందించినందుకు కారు అద్దెకిచ్చినవారు విడిగా రుసుము కూడా వసూలు చేశారు.

ఫ్లోరెన్స్‌లో నాలుగు రాత్రులు ఉండండి. అక్కడి కెథడ్రల్‌ (పెద్ద చర్చి) మీద బ్రూనెలెస్కీ కట్టిన, 1436లో పూర్తయిన గుమ్మటం పైకి 463 మెట్లు ఉన్నాయి, లిఫ్టు లేదు. అమ్మగారికి దానిని కింది నుంచే చూపించి, సాయంత్రం సిటీ బస్సులో పియజ్జాలే మికెలాంజెలోకు తీసుకెళ్ళండి. కైలాసగిరి మీది నుంచి మన ఊరు కనిపించినట్టు ఫ్లోరెన్స్‌ అంతా అక్కడి నుంచి కనిపిస్తుంది. ఉఫీజీ, అకాడెమియా మ్యూజియాలు సోమవారం మూసి ఉంటాయి. ఏప్రిల్‌ 25 అక్కడ జాతీయ సెలవు దినం కనుక రద్దీ ఎక్కువ.

జవాబు (లాసన్స్‌ బే కాలనీ నుంచి):
పై మాటతో ఏకీభవిస్తూనే, మిగిలిన రాత్రులు లుక్కాలో గడపమని చెబుతాను. ఊరంతా చదునుగా ఉంటుంది. ఊరి చుట్టూ 4 కిలోమీటర్లకు పైగా ఉన్న కోటగోడ చెక్కుచెదరలేదు. దాని పైభాగం చెట్ల నీడలో బండి పట్టేంత వెడల్పైన బాట. మా అత్తగారు అలసట వచ్చినప్పుడల్లా అక్కడి బెంచీల మీద కూర్చుంటూ, గోడ లోపలి పెరళ్ళలో ఆరేసిన బట్టలను, నిమ్మచెట్ల కుండీలను చూస్తూ, ఒక పూటంతా అక్కడే గడిపారు. అక్కడి నుంచి పీసాకు రైలులో అరగంట. పెద్ద స్టేషను దాకా పోకుండా సాన్‌ రొస్సోరే స్టేషనులో దిగితే వాలు గోపురం కొద్ది నిమిషాల నడకే. కాగితపు టికెట్టును రైలెక్కే ముందు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, మరిచిపోతే జరిమానా తప్పదు. వోల్తెర్రాకు బస్సులు మారుతూ వెళ్ళాలి కనుక ఈసారికి వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వోల్తెర్రాను తీసేశాను. సియెనా వాలుగా ఉంటుందని విన్నాను, అమ్మతో వెళ్ళవచ్చా?

జవాబు (సీతమ్మధార నుంచి):
తప్పకుండా వెళ్ళండి, కానీ బస్సులో వెళ్ళండి. రైల్వే స్టేషను కొండ కింద ఉంటుంది, ఫ్లోరెన్స్‌ బస్సు పాత ఊరి అంచు దాకా వెళ్తుంది. కాంపో చౌకు గవ్వలా లోపలికి వాలి ఉంటుంది. ఒకప్పుడు ఊరిని పాలించిన తొమ్మిదిమంది సభకు గుర్తుగా దాని ఇటుకల నేలను తొమ్మిది భాగాలు చేశారు. కెథడ్రల్‌ పక్కన కప్పులేని పెద్ద గోడను తప్పక చూడండి. దానిని మరింత పెద్ద ఆలయంగా విస్తరించాలని 1339లో మొదలుపెట్టారు; 1348లో ప్లేగు వచ్చి పని ఆగిపోయింది, ఆ గోడ అలాగే మిగిలింది. సాన్‌ జిమిన్యానోకు పొజ్జిబోన్సీ స్టేషనులో దిగి బస్సెక్కాలి. పోటీపడి కట్టుకున్న ధనిక కుటుంబాల గోపురాల్లో 14 దాకా నేటికీ నిలిచి ఉన్నాయి, కానీ వీధులు ఎత్తుపల్లాలు. అమ్మగారి ఓపికను బట్టి సియెనాలోనే నిర్ణయించుకోండి.

జవాబు (లాసన్స్‌ బే కాలనీ నుంచి):
భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు; మొదటి ముద్దకే మా అత్తగారు వంటవాడు మరిచిపోయాడనుకుని ఉప్పుడబ్బా అడిగారు. టమాటా, తులసి జాతి ఆకు, పాత రొట్టెతో చేసే పాప్పా అల్‌ పొమొదోరో, వెల్లుల్లి టమాటా ముద్దతో వడ్డించే పాస్తా పీచీ అల్లాల్యోనె శాకాహారులకు నప్పుతాయి. రిబొల్లీతా అనే సూప్‌ చిక్కుడుగింజలు, ఆకుకూరలతో చేసేదే అయినా, మాంసపు రసం పోశారేమో అడిగి తీరాలి. కందిపొడి పొట్లం ఒకటి వెంట ఉంచుకోండి.