అంచులు అరగదీయాలా, ఇంకు అద్దితే చాలా? (స్క్రాప్‌బుక్ పేజీలకు పాతరూపం)

అట్టపెట్టె:
12×12 అంగుళాల ఆల్బమ్ పేజీలకు పాతబడిన రూపు తేవడానికి రెండు దారులు చెప్తుంటారు. ఒకటి, ఉప్పుకాగితంతో అంచులూ మడతలూ అరగదీయడం. రెండోది, కాగితాన్ని గాయపరచకుండా గోధుమరంగు ఇంకు స్పాంజితో అద్దడం. ఇంకు అద్దితే పేజీ మురికిగా కనిపిస్తుంది గానీ పాతగా కనిపించదని రుద్దే పక్షం వాదన. రుద్దితే కాగితం బలం పోతుందనీ, ఆ పొడి ఫోటోలను పాడుచేస్తుందనీ ఇంకు పక్షం వాదన. గ్రీటింగ్ కార్డుల సంగతి వదిలేద్దాం. ఫోటోలు అంటించి ఏళ్ల తరబడి దాచుకునే ఆల్బమ్ గురించే అడుగుతున్నా. ఏది మేలు, ఎందుకు? ఉప్పుకాగితం గరుకు ఎంతో చెప్పే గ్రిట్ నంబర్లతో సహా చెప్పండి. "ఎవరిష్టం వాళ్లది" అనే జవాబు మాత్రం వద్దు.

గరుకుచెయ్యి:
నా ఓటు రుద్దడానికే. అయితే ఏ కాగితాన్ని రుద్దుతున్నారో ముందు తేల్చుకోవాలి. ఈ గొడవల్లో సగం అక్కడే పుడతాయి.

కార్డ్‌స్టాక్‌లో (పేజీలకు వాడే మందపాటి అట్టకాగితం) రెండు రకాలున్నాయి. ఒకదానికి గుజ్జులోనే రంగు కలుపుతారు, లోపలిదాకా ఒకే రంగు. దాన్ని ఎంత రుద్దినా నూగు లేవడమే తప్ప వేరే రంగు బయటపడదు. రెండోదానికి పైన రంగు, నడుమ తెలుపు. కోర్డినేషన్స్ లాంటి బ్రాండ్లయితే రుద్దడం కోసమే నడుమ పొరకు వేరే రంగు వేసి అమ్మేవి. మీ దగ్గరున్నది ఏ రకమో తెలియాలంటే ఒక మూల చించి చూడండి. చిరుగులో తెల్ల గీతో, వేరే రంగు గీతో కనిపిస్తే రుద్దడానికి పనికొస్తుంది, లేకపోతే ఉప్పుకాగితం పక్కన పెట్టేయండి. డిజైన్ అచ్చువేసిన ప్యాటర్న్ పేపర్లలో ఎక్కువ భాగం తెల్ల కాగితం మీద అచ్చు కాబట్టి అవి బాగా పలుకుతాయి.

గ్రిట్ సంగతి. పి120 ఉప్పుకాగితంలో రేణువు సగటున 125 మైక్రాన్లు, పి220లో 68, పి400లో 35. 220 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) కార్డ్‌స్టాక్ మందం పావు మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. అంటే పి120 రేణువు అట్ట మందంలో సగానికి కొంచెం తక్కువ. అది గీతలు కోస్తుంది, అరగదీయదు. అంచులకు పి220, పేజీ నడుమ పి320. వడ్రంగానికి కొన్న ముక్క మిగిలింది కదా అని పి80 తెచ్చి రుద్ది, తర్వాత శాండింగ్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ.

సిరామరక:
గరుకుచెయ్యి గారూ, కాగితం రకాల గురించి మీరు చెప్పినదంతా ఒప్పుకుంటా. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. పాత కాగితం అంచు తెల్లగా ఉంటుందా? అటక మీది పాత పంచాంగం తీసి చూడండి. గాలీ వెలుతురూ ముందు తగిలేది అంచుకే కాబట్టి అక్కడ గోధుమరంగు తిరుగుతుంది, లోపలికి పోయేకొద్దీ లేతబడుతుంది. మీరు రుద్దితే అదే అంచు చుట్టూ మల్లెపువ్వులాంటి కొత్త తెలుపు బయటపడుతుంది. అది పాతబడటం ఎలా అవుతుంది?

ఇంకు పద్ధతిలో ఈ చిక్కు లేదు. డిస్ట్రెస్ ఇంకు (పాతరూపు కోసమే అమ్మే ఇంకు) ప్యాడ్ మీద ఫోమ్ ముక్కను రెండుసార్లు తట్టాలి. ముందుగా పక్కనున్న చిత్తు కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ మొదలుపెట్టి, తిప్పుతూనే పేజీ అంచు మీదికి రావాలి. నేరుగా పేజీ మీద పెడితే అక్కడ గుండ్రటి మచ్చ పడుతుంది, తర్వాత ఏం చేసినా పోదు. మొదట 'వింటేజ్ ఫోటో' రంగు సెంటీమీటరు లోపలిదాకా, తర్వాత 'వాల్‌నట్ స్టెయిన్' చివరి 2, 3 మిల్లీమీటర్లకు. కాగితం నూగు లేవదు, పొడి రాలదు, 120 జీఎస్ఎమ్ పల్చటి ప్యాటర్న్ పేపర్‌కైనా చిరుగు పడదు.

చిన్నబ్లేడు:
మీ ఇద్దరి మనసులోనూ ఉన్న వస్తువు ఒకటి కాదు. సిరామరక గారు కాగితం పాతబడటం చెప్తున్నారు. గరుకుచెయ్యి గారు అట్ట అరిగిపోవడం చెప్తున్నారు. పంచాంగం లోపలి పేజీ పచ్చబడుతుంది, నిజమే. అదే పంచాంగం ముఖచిత్రం చూడండి. మూలలు తెల్లబడి, వీపు దగ్గర రంగు లేచిపోయి, వేలు పెట్టి తిప్పే కుడి కింది మూల అన్నిటికంటే ముందు నూగు తేలి ఉంటుంది. అది చేతుల రాపిడి. దాన్ని ఇంకుతో తేలేరు, రుద్దాల్సిందే. కాబట్టి మీ పేజీ దేనిలా కనిపించాలో ముందు అనుకోండి. ఉత్తరంలానా, రేకు డబ్బాలానా, పుస్తకం అట్టలానా?

ఇంకోటి. నాలుగంచులూ సమానంగా రుద్దిన పేజీ ఎప్పుడూ నకిలీగానే కనిపిస్తుంది. ఏ వస్తువూ నాలుగు వైపులా ఒకేలా అరగదు. మూలలకు ఎక్కువ, కింది అంచుకు కొంత, పై అంచుకు దాదాపు ఏమీ వద్దు.

గరుకుచెయ్యి:
చిన్నబ్లేడు మాట బాగుంది. అయినా చెయ్యి ఎలా ఆడించాలో ఎవరూ చెప్పలేదు. తొంభై శాతం పేజీలు పాడయ్యేది అక్కడే (లెక్క కాదు, కడుపుమంట).

కాగితం బొమ్మవైపు పైకి పెట్టి బల్ల అంచు నుంచి 2, 3 మిల్లీమీటర్లు బయటికి జరపండి. ఎడమ అరచెయ్యి అంచుకు దగ్గరగా అదిమి ఉండాలి. ఉప్పుకాగితాన్ని చెక్కముక్కకో పాత రబ్బరుకో చుట్టి, 45 డిగ్రీల వాలులో, పై నుంచి కిందికి, లోపలి నుంచి బయటికి లాగాలి. ఒకే దిశలో. తిరిగి వచ్చేటప్పుడు చెయ్యి ఎత్తాలి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే వెనక్కి వచ్చే ప్రతిసారీ అంచు పైకి లేచి మడత పడుతుంది, పొరలు విడిపోతాయి. ఒక్కో రెండంగుళాలకు 3, 4 లాగులు, మూలకు 6, 7. నూగు మిగిలితే పి400తో ఒక్కసారి దువ్వి, పైన బటర్ పేపర్ వేసి బోన్ ఫోల్డర్‌తో (మడతలు నొక్కే చదునైన పుల్ల) రుద్దండి, అణిగిపోతుంది.

పల్చటి ప్యాటర్న్ పేపర్ చిరుగుతుందన్నారు సిరామరక గారు. దాన్ని ముందు 220 జీఎస్ఎమ్ అట్టకు అంటించి రుద్దండి, చిరగదు. జిగురు అంచు చివరిదాకా పల్చగా పట్టాలి, రాత్రంతా బరువు కింద ఆరాలి. పచ్చి జిగురు మీద రుద్దితే ఉప్పుకాగితం నిండా ముద్ద కట్టుకుని అది రంగును పెళ్లలుగా లేపుతుంది. డబుల్ టేప్ వాడితే ఇంకా కష్టం. అంచుదాకా టేప్ ఉంటే గరుకుకు జిగట అంటుకుంటుంది, లోపలికి జరిపితే అంచుకు ఆసరా ఉండక లేచిపోతుంది.

నాలుగంచులు:
ఎంబాస్ చేసిన (డిజైన్ ఉబ్బెత్తుగా లేచేలా నొక్కిన) పేజీల సంగతి ఎవరూ ఎత్తలేదు. శాండింగ్‌కు సాటి లేనిది అక్కడే. ఎంబాసింగ్ ఫోల్డర్‌లో పెట్టి నొక్కిన తెల్ల నడుము కార్డ్‌స్టాక్‌లో పైకి లేచిన గీతల మీద మాత్రమే రంగు పోవాలి. దీనికి గట్టి దిమ్మె కావాలి. స్పాంజి దిమ్మె వాడారో, అది గుంటల్లోకి దిగి అక్కడి రంగునూ తీసేస్తుంది, డిజైన్ మసకబారుతుంది. పి320, బరువు వేయకుండా, గుండ్రంగా నాలుగైదు చుట్లు. నలిపిన కాగితానికీ ఇదే సూత్రం. నీళ్లు చల్లి, ఉండ చేసి, విప్పి, పూర్తిగా ఆరాకే మడతల మీద రుద్దాలి. తడి మీద రుద్దితే మడత దగ్గర చిల్లే.

పెళ్లి శుభలేఖను పేజీలో పెట్టేవాళ్లకు ఒక మాట. వాటిలో చాలావరకు మెరుపు పూత అట్ట మీద బంగారు రేకు అచ్చు. పూత అందంగానే అరుగుతుంది గానీ, రేకు మాత్రం పొలుసులుగా ఊడుతుంది. పేర్లున్న చోట మాస్కింగ్ టేప్ వేసి రుద్దుదామనుకోకండి, టేప్ తీసేటప్పుడు రేకూ వెంట వస్తుంది. అక్షరాలకు వేలెడు దూరంలో ఆగిపోవడమే మంచిది. మూలల్లో పసుపు రాసి ఉంటే దాని మీద అసలు రుద్దొద్దు, పొడిగా లేచి పేజీ అంతా పులుముకుంటుంది. పసుపు ఎలాగూ వెలుతురుకు వెలిసిపోయేదే, ఉన్నన్నాళ్లు ఉండనివ్వండి.

భద్రంగా:
అడిగింది దాచుకునే ఆల్బమ్ గురించి అని గుర్తుచేస్తున్నా. పై పోస్టులన్నీ అందం గురించే సాగుతున్నాయి.

రుద్దడంలో ప్రమాదం కాగితం బలానికి కాదు. అంచు 2 మిల్లీమీటర్లు అరిగినంత మాత్రాన 12 అంగుళాల పేజీ కూలిపోదు. ప్రమాదం పొడిలో ఉంది. అందులో కాగితం నూగుతోపాటు ఉప్పుకాగితం నుంచి ఊడిన రేణువులూ ఉంటాయి. అవి అల్యూమినియం ఆక్సైడ్ లేదా సిలికాన్ కార్బైడ్. ఎదురెదురు పేజీల మధ్య ఆ రేణువు ఒక్కటి చిక్కినా, ఆల్బమ్ తెరిచి మూసిన ప్రతిసారీ ఫోటో మీద గీత పడుతుంది. అందుకే రుద్దే పనంతా ఫోటో అంటించకముందే, వేరే బల్ల మీద అయిపోవాలి. మెత్తటి కుంచెతో దులిపి, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీయాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది, పొడి అక్కడే అతుక్కుంటుంది.

ఇనుప పీచు వాడమని అక్కడక్కడ సలహాలు కనిపిస్తుంటాయి. వద్దే వద్దు. దాని తునకలు కాగితంలో ఇరుక్కుని తేమకు తుప్పు పడతాయి. దానిమీద టీ డికాక్షన్ పూశారంటే టానిన్, ఇనుము కలిసి నల్ల చుక్కలు తేలతాయి. పూర్వం కరక్కాయ, అన్నభేదితో సిరా చేసిన పద్ధతే అది, ఇక్కడ మీరు కోరకుండా జరుగుతుంది. అసలు టీ, కాఫీ మరకలు ఆమ్లం. వాటిని ఫోటో తగిలే పేజీకి వాడకూడదు.

సిరామరక గారి ఇంకుకూ లోటు లేకపోలేదు. డిస్ట్రెస్ ఇంకు నీటిలో కరిగే డై. తేమ తగిలితే పాకుతుంది, వెలుతురులో పిగ్మెంట్ ఇంకుకన్నా (కరగని రంగు పొడితో చేసేది) త్వరగా వెలుస్తుంది. ఫోటో కింద ఇంకు పడకుండా చూసుకోండి. కాగితం, జిగురు కొనేటప్పుడు 'యాసిడ్ ఫ్రీ' అన్న ముక్కతో తృప్తిపడకుండా, ఐఎస్ఓ 18916 ఫోటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ పాసయిందేమో చూడండి. ఫోటో పక్కన ఉండే వస్తువు దాన్ని పాడుచేస్తుందా లేదా అని తేల్చే పరీక్ష అదే.

సిరామరక:
ఇంకు పాకుతుందన్నది నిజమే. అందుకే నీళ్లు చల్లే పని ఉన్న పేజీలో అది వాడను. అయితే పొడి గురించి మీరు చెప్పినదంతా నా పక్షానికే బలం అండీ!

చిన్నబ్లేడు:
తొందరపడకండి. రెండూ కలిపితే ఏది ముందు అన్నదే అసలైన తగువు. రుద్దిన చోట నారలు తెరుచుకుని ఇంకును ఎక్కువ పీలుస్తాయి. అందుకని రుద్ది, తర్వాత ఇంకు అద్దితే అరిగిన చోటే ముదురుగా కనిపిస్తుంది. అరిగిన అట్టలో మట్టి చేరినట్టు. సిరామరక గారు వెక్కిరించిన మల్లెపువ్వు తెలుపు దీంతో పోతుంది. ముందు ఇంకు అద్ది, ఆరాక రుద్దితే తెల్ల గీత పైకి వస్తుంది. పెయింట్ రాలిన తలుపులా. పుస్తకం, ఉత్తరం, సూట్‌కేసు లాంటివాటికి మొదటిది. చెక్క, రేకు లాంటివాటికి రెండోది. రెండో పద్ధతిలో ఇంకు పూర్తిగా ఆరకపోతే తడి పొడి తెల్ల గీతలోకి పులుముకుని బూడిదరంగు తిరుగుతుంది. 2017లో వచ్చిన డిస్ట్రెస్ ఆక్సైడ్‌లో డైతోపాటు పిగ్మెంట్ కూడా ఉంటుంది, అది తడిగా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి దానితో ఇంకా జాగ్రత్త.

మోటారు పనిముట్ల గురించి అడగబోయేవాళ్లకు: రోటరీ టూల్ కనిష్ఠ వేగమే చాలా మోడళ్లలో నిమిషానికి 5,000 చుట్లు. కార్డ్‌స్టాక్‌కు అది ఆకుకు రోకలి. 2 మిల్లీమీటర్ల చిప్‌బోర్డ్ (గట్టి గుజ్జు అట్ట) అక్షరాలకైతే సరే. వాటికి అంటించిన కాగితం అంచు తీయడానికి గోళ్ల ఆకురాయి ఇంకా బాగా పనిచేస్తుంది. చిప్‌బోర్డ్ నడుమ బూడిదరంగు గుజ్జు బయటపడుతుంది కదా, దాన్ని గెస్సోతో (పెయింట్‌కు ముందు వేసే తెల్ల పూత) మూసెయ్యండి.

అట్టపెట్టె:
ఫోటో అంచులే రుద్దితే? కొందరు చేస్తున్నారు.

భద్రంగా:
ఒకే కాపీ ఉన్న ఫోటో అయితే దాన్ని ముట్టుకోవద్దు. స్కాన్ చేసి, ప్రింటు తీసి, దాన్ని రుద్దండి. ఏ ప్రింటు అన్నది ముఖ్యం. ఇంక్‌జెట్‌లో గ్లాసీ కాగితమైతే ప్లాస్టిక్ పొర తోలులా లేస్తుంది, అసహ్యంగా ఉంటుంది. మ్యాట్ అయితే నేరుగా తెల్లబడుతుంది. ల్యాబ్‌లో రసాయనాలతో కడిగిన రంగుల ప్రింటులో మాత్రం మూడు రంగుల పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన నీలాకుపచ్చ, నడుమ మెజెంటా, అడుగున పసుపు. పై పొర పోగానే అంచు ఎర్రబారుతుంది, నడుమ పొర పోతే పసుపు, ఆఖరికి తెలుపు. పి400తో మెల్లగా పోతే ఈ మూడూ ఒకే అంచులో వరసగా కనిపిస్తాయి. ఏ ఇంకూ అక్కర్లేని పాతరూపు అది.

సిరామరక:
ఇది తెలియదు. అంచుకు నిప్పు తగిలినట్టుంటుందన్నమాట. దీనికి మాత్రం నా ఓటు రుద్దడానికి. పేజీలకు కాదు.

నాలుగంచులు:
విశాఖ, కాకినాడ వైపు వాళ్లు ఒకటి గమనించండి. వానాకాలంలో గాలి తేమ పీల్చిన కాగితం పొడిగా రాలదు, నూలులా సాగి నూగు కడుతుంది. అదే కాగితం వేసవిలో శుభ్రంగా అరుగుతుంది. వానల్లో చేయక తప్పదంటే కాగితాన్ని ముందురోజే సిలికా జెల్ పొట్లాలతో మూత డబ్బాలో పెట్టి, ఒక్కొక్కటే బయటికి తీసి రుద్దండి. ఉప్పుకాగితాన్నీ అందులోనే పెట్టాలి, అదీ తేమకు మెత్తబడుతుంది. వాటర్ పేపర్ (తడిపి వాడే నల్ల ఉప్పుకాగితం) మెత్తబడదు, కానీ దాని నల్ల పొడి లేత రంగు అంచుల్లో చిక్కుకుంటుంది.