అచ్చులో కుంచె ఊపు నిలవాలంటే?

ప్రశ్న: ఉడ్‌కట్‌లో (చెక్కను చెక్కి అచ్చు తీసే పద్ధతిలో) నైరూప్య చిత్రం చేస్తున్నాను. కాగితం మీద కుంచెతో విసిరిన గీతలో ఉన్న ఊపు, చెక్క మీద చెక్కేసరికి చచ్చిపోతోంది. రంగులు ఒకదానిపై ఒకటి పడినచోట బురదలా తేలుతున్నాయి. ఊపుగా వేసిన గీతలు, రంగులతోనే భావం పలికించిన అమెరికా అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారులు దీన్ని ఎలా సాధించారండీ?

జవాబు: కుంచె చేయాల్సిన పనిని మీరు ఉలికి అప్పగిస్తున్నారు. క్షణంలో వేసిన గీత చుట్టూ గంటసేపు చెక్కితే ఆకారం మిగులుతుంది గానీ వేగం మిగలదు. వేగమే కావాలంటే లిథోగ్రఫీ, అంటే రాతి మీద గీసి అచ్చు తీయడం మేలు. 1960లో, మీరడిగిన చిత్రకారుల్లో ఒకరైన విలెం డి కూనింగ్ కాలిఫోర్నియాలోని బర్కిలీలో లిథో రాయి మీద నేల తుడిచే మాప్‌తో జిడ్డు సిరా పులిమారు. తడి ఎక్కడ చిమ్మిందో, పీచు ఎక్కడ ఎండి గీరుకుపోయిందో ఆ అచ్చుల్లో తెలిసిపోతుంది. జిడ్డు తగిలిన చోట రాయి సిరాను పట్టుకుంటుంది, తడి ఉన్నచోట తోసేస్తుంది. మధ్యలో ఉలి ప్రమేయమే లేదు. కుడికి విసిరింది అచ్చులో ఎడమకు పోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఉడ్‌కట్‌నే వదలనంటారా, అదే కోవకు చెందిన చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ 1973లో చేసిన ‘ఈస్ట్ అండ్ బియాండ్’ చూడండి. ఆవిడ కుంచె గీతను అనుకరించలేదు. ప్లైవుడ్‌ను సన్నరంపంతో వంపులుగా కోసి, ముక్కలకు వేర్వేరు రంగులు పట్టించారు. ఊపంతా ఆ కోత అంచుల్లోనే ఉంది.

మరో సభ్యురాలు: బురద సంగతి నేను చెబుతాను. సిరాలో ట్రాన్స్‌పరెంట్ బేస్ (కింది రంగు కనబడేలా సిరాను పారదర్శకం చేసే పదార్థం) ధారాళంగా కలపండి, లేత రంగుతో మొదలుపెట్టండి, పొర ఆరాకే తర్వాతిది వేయండి. ఎరుపు, ఆకుపచ్చలను ఒకదానిపై ఒకటి వేయకుండా పక్కపక్కన ఉంచండి. ఫ్రాంకెన్‌థాలర్ 2000లో చేసిన ‘మేడమ్ బటర్‌ఫ్లై’కి 46 చెక్క దిమ్మెలు, 102 రంగులు పట్టాయి. చూస్తే నీళ్ల రంగు ఒలికినట్టే ఉంటుంది!

ఒకే ప్లేటు మీద అన్ని రంగులూ కావాలంటే మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి గారి పద్ధతి ఉంది. పారిస్‌లోని అటెలియే 17 అనే అచ్చుచిత్రాల స్టూడియోలో ఆయన పట్టుసాధించినది. పల్చటి సిరాను గట్టి రోలర్‌తో ప్లేటు పైభాగానికి పట్టిస్తారు. తర్వాత చిక్కటి సిరాతో మెత్తటి రోలర్ లోతుల్లోకి దిగుతుంది. పల్చటి సిరా ఉన్నచోట రెండోది అంటుకోదు. అయితే దానికి లోతుగా చెక్కిన లోహపు ప్లేటు కావాలి.

అడిగినవారు: నా దగ్గర ప్రెస్సే లేదండీ. మోనోటైప్‌తో మొదలుపెట్టవచ్చా?

జవాబు: నిక్షేపంగా. ఎసిటేట్ షీటు మీద సిరా పూసి గుడ్డతో, వేళ్లతో, అట్టముక్కతో తుడుస్తూ గీయండి. పల్చటి కాగితం పరిచి చెంచా వీపుతో రుద్దండి. నిండుగా ఒక్క ప్రతే వస్తుంది, రెండోది లీలగా పడుతుంది. దాన్ని పారేయకండి, మరో రంగు వేయడానికి పనికొస్తుంది.